దర్వాజకు కట్టిన కలబంద

భాస్కర్ సార్ వచ్చేలోపు కావాల్సిన పనులు:

బ్రహ్మజెముడు వరుసలో పడేసిన సీసా పెంకులు ఏరాలి.
కిత్తనార ఎండాకులు కోయాలి. చేతికి తొడుగులు లేకుండా ఎవరూ కోయొద్దు.
బురుజు మెట్ల మీదికి పాకిన నల్లేరును వెనక్కి మళ్లించాలి.
ఆకుల మీద జంటలు గీకిన పేర్ల దగ్గర పసుపు పూయాలి.
పేరు పలకలు తుడవాలి. రణపాల పలక మీద పిట్ట రెట్ట ఉంది.
బురుజు కలబంద మడిలో పిలకలు తీసి పారేయాలి.

గీతాంజలి ఇది అట్ట ముక్క మీద రాసి పంపు గది తలుపుకు గుచ్చింది. సూర్యాపేట నుంచి కోదాడ పోయే దారి పక్కన, మల్లెగట్టు కోట లోపల ఉన్న ఆ తోటలో ఆమె సాంకేతిక సహాయకురాలు. సొంతూరు చిలుకూరు. బాటనీలో డిగ్రీ చేసింది. వాళ్ల ఇంట్లో కాలేజీకి పోయిన మొదటి మనిషి. అందుకే ఏ పనైనా ముందు రాసుకుంటుంది, అయ్యాక కొట్టేస్తుంది.

అది జెముళ్లు, కలబందల తోట. గేటు మీద పెద్ద పేరేదో రాసి ఉన్నా, చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు అది ముండ్ల తోట. హైదరాబాదు నుంచి వచ్చి దాన్ని పెట్టించింది భాస్కర్ సార్. పెట్టించడానికి కారణం బురుజు కలబంద. పొట్టి ఆకులు, ఆకుల మీద బియ్యం చల్లినట్టు తెల్లని చుక్కలు, ఎండ ముదిరితే రాగి రంగు. కోట బురుజు సందుల్లో తప్ప అలాంటిది ఆయన ఇంకెక్కడా చూడలేదట. గోడలకు సున్నం పూసే పనిలో మేస్త్రీలు సందులన్నీ పూడ్చేస్తే, మిగిలిన మొక్కల్ని ఒక్క మడిలోకి చేర్చారు. ఇప్పుడు వాటి ఫొటోలు తీసుకుని వ్యాసం రాస్తానని ఆయన కబురు పెట్టాడు.

ఎప్పుడూ పిలకలు తీసే పని చాందీదే. కోట కింది తండా ఆమెది. తోట మొదలైనప్పటి నుంచి ఊడ్చేదీ, తవ్వేదీ, సన్నమూతి చెంబుతో నీళ్లు పోసేదీ ఆమే. నలభై దాటింది. కూర్చుంటే మోకాళ్లు పట్టేస్తాయని రోజంతా వంగే పనిచేస్తుంది.

"ఇవి పాణమున్నయి గదా బిడ్డా. పారేసుడెందుకు?" అంది, పిలకల్ని బొటనవేలితో తల్లి నుంచి విడదీస్తూ.

"పెట్టనీకి జాగ లేదక్కా. కుండీలు అడిగి అడిగి యాష్టకొచ్చింది. తల్లి మొక్కలకు గాలాడాలె."

"తల్లికి గాలాడాలంటే పిల్లల్ని కందకంల పారెయ్యాలె. మంచిగున్నది మీ సదువు."

గీతాంజలి నవ్వి, పలకలు తుడిచే గుడ్డ తీసుకుని అవతలికి పోయింది.

సాయంత్రం గేటు దగ్గర శశిధర్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తోట నిర్వహణ కాంట్రాక్టు అతనిది. ఊళ్లో పొలాలున్న ఇల్లు. ఇస్త్రీ చొక్కా నలగకుండా కూర్చోవడం అతనికి అలవాటు. అంతకు ముందు వారమే గుండ్రటి జెముడు ఒకదాన్ని ఎవరో కుండీతో సహా ఎత్తుకుపోయారు. పైనుంచి మాట పడింది. అప్పటి నుంచి పనివాళ్ల సంచులు వెతుకుతున్నాడు.

చాందీ సంచిలో రొట్టెల డబ్బా కింద గుడ్డలో చుట్టిన రెండు పిలకలు దొరికాయి.

"ఏందిది?"

"పిలకలు సార్. పారేయమన్నరు."

"యాడ పారేయమన్నరు?"

"కందకంల."

"మరి గీ సంచి కందకమా?"

వెనక నిలబడ్డవాళ్లు నవ్వారు. చాందీ కూడా నవ్వబోయి, శశిధర్ మొహం చూసి ఆగిపోయింది.

"దర్వాజకు కట్టుకుంటమంటే ఇస్త సార్. దిష్టికి. దుకాణమోళ్లు అడుగుతుంటరు."

"అంటే అమ్ముతున్నవ్."

"ఒకలు చాయ పోసిన్రు. మంగ్త్యా ఆటోల కిరాయి తీస్కోలే. గంతే."

గీతాంజలి ముందుకొచ్చింది. "నేనే పారేయమన్న సార్."

"పారేయమన్నవ్. ఇంటికి తీస్కపొమ్మన్నవా?"

"లేదు సార్."

"అయిపాయె."

చాందీ మెడలోని కార్డు తీసి బల్ల మీద పెట్టింది. చేతి తొడుగులు విప్పి, మట్టి దులిపి, ఒకదాని మీద ఒకటి సర్దింది. ఎవరి మీదా అరవలేదు. "దొంగ అని మాత్రం అనకుండ్రి సార్. తండాల పిల్లలున్నరు," అంది.

"నేను గాదు, నీ సంచి అన్నది," అన్నాడు శశిధర్. ఆ రెండు పిలకల్నీ తిరిగి మడిలో నాటించాడు. సర్కారు సొమ్ము మళ్లీ చేరిందని అందరికీ చెప్పాడు.

*

మరునాడే గీతాంజలి హైదరాబాదులో శిక్షణకు పోవాల్సి వచ్చింది. ముగించుకుని వచ్చేసరికి చాందీ స్థానంలో నగేష్ ఉన్నాడు. త్రిపురారం మనిషి. కాలువ కింద వరి చేసిన చేతులు. పని కావాలని వచ్చాడు, పనంటే ప్రాణం పెడతాడు. మేడం కనబడగానే ఎదురొచ్చి మడి దగ్గరికి తీసుకుపోయాడు.

"సూడుండ్రి మేడం. మీరు పోయినంక మొక్కలు వాడిపోయినట్టు అగుపడ్డయి. గట్టు పోసి నీళ్లు నిలబెట్టిన."

నిజంగానే గట్టు పోశాడు. నాలుగు వైపులా ఒండ్రుమట్టి తెచ్చి, కాలితో తొక్కి, చేత్తో నున్నగా మెత్తాడు. నీళ్లు బయటికి పోవడానికి పెట్టిన రంధ్రాన్ని కూడా మట్టిముద్దతో మూశాడు. ఎంత శ్రద్ధగా మూశాడంటే ఒక్క చుక్క కూడా ఊరడం లేదు. మధ్యలో వాన కూడా పడింది. బురుజు కలబందలు నారుమడిలో నిలబడ్డట్టు నిలబడి ఉన్నాయి.

గీతాంజలి ఒక ఆకు పట్టుకుంది. ఉడికిన వంకాయలా చేతిలోకి ఊడి వచ్చింది. వాసన కొట్టింది. ఇంకోటి పట్టుకుంది. అదీ అంతే. శశిధర్ తిరిగి నాటించిన ఆ రెండు పిలకలు నల్లబడి, వేలు పెట్టగానే జారిపోయాయి.

"నగేష్, ఎవరు చెప్పిన్రు నీళ్లు నిలబెట్టమని?"

"ఎవరు చెప్పాలె మేడం? మా ఊళ్ల నీళ్లు లేక సచ్చిన పైరు సూసిన గని, నీళ్లు పెడితే సచ్చింది సూడలే." ఆమె చేతిలోని ఆకు చూసి అతని గొంతు తగ్గింది. "సచ్చినయా?"

ఇద్దరూ కలిసి గట్టు తెంపారు. ఒక్కొక్క మొక్కనూ పెకిలించి, వేరు గీకి, లోపల తెలుపు ఉందేమో చూశారు. మధ్యాహ్నానికి మడి ఖాళీ అయింది. నగేష్ అన్నం తినలేదు.

శశిధర్ వచ్చి చూశాడు.

"నర్సరీల కలబంద దొరకదా? పేటకు పోయి జర ఇట్లాంటియే సూసి తీస్కరా."

"ఇది వేరే సార్. భాస్కర్ సార్ గుర్తుపడతరు."

"గుర్తుపడితే, మొదటియి చాందీ కుళ్లబెట్టిపోయిందని చెప్దాం. ఎట్లనో పోయింది గదా." అతను ఆ మాట కోపంగా అనలేదు. దారిలో రాయి ఉంటే కాలితో పక్కకు జరిపినంత తేలిగ్గా అన్నాడు. "వాడు కొత్తోడు, పెండ్లాం కడుపుతోని ఉన్నది. నీది కూడ కాంట్రాక్టు ఉద్యోగమే. అందరం బతకాలె గదా, అమ్మా."

గీతాంజలి సంచి తీసుకుని బస్సెక్కింది.

*

సూర్యాపేటలో నర్సరీకి ధాన్యం దుకాణాల వీధిలోంచి పోవాలి. ఎండకు ఆమె గోడవారగా, దుకాణాల చూరు నీడలో నడుస్తోంది. పెసల బస్తా మీద కాలు పడబోయి ఆగి తలెత్తింది.

దర్వాజ మీద నల్లదారంతో కలబంద వేలాడుతోంది. అందరూ కట్టుకున్నట్టే వేళ్లు పైకి, ఆకులు కిందికి. వేళ్లకు పసుపు, కుంకుమ. మట్టి లేదు, నీళ్లు లేవు. అయినా ఆకుల కొనలు వెలుతురు కోసం కొక్కేల్లా పైకి వంపు తిరిగాయి. రాగి రంగు. బియ్యం చల్లినట్టు చుక్కలు.

ఆమె సంచి బస్తా మీద పెట్టేసి, మునివేళ్ల మీద లేచి ఆకును తాకింది. గట్టిగా ఉంది.

"ఓ పిల్లా, ఏం కావాలె?" లోపల గల్లాపెట్టె దగ్గర ఉన్న పెద్దావిడ అడిగింది. ఆమె కన్యకమ్మ. భర్త పోయాక దుకాణం ఆమే నడుపుతోంది.

"అమ్మా, ఈ కలబంద చాందక్క ఇచ్చిందా?"

"అవ్. కోటకాడి చాందమ్మ. ఏం?"

"ఇది నాకిస్తరా?"

కన్యకమ్మ కళ్లద్దాలు తీసి ఆమెను పైనుంచి కిందికి చూసింది. "దర్వాజ మీది దిష్టి ఎవరన్న అడుగుతరా? మీ ఇంట్ల పెద్దోళ్లు ఏం చెప్పలేదా నీకు?"

గీతాంజలి తోట గురించి చెప్పింది. కుళ్లిన మడి గురించి చెప్పింది. కన్యకమ్మ అంతా విన్నది.

"నువ్వు చెప్పింది బాగనే ఉంది. గని కట్టిన చెయ్యే దింపాలె. అదీ అమాస నాడు. రేపే అమాస. చాందమ్మ వస్తదని సూస్తున్న. రాకుంటే హమాలీతోని దింపిచ్చి, కాలువల ఏపిస్త."

గీతాంజలి నర్సరీ దాకా పోలేదు. వెనక్కి తిరిగి తండాకు పోయింది.

*

చాందీ ఇంటి ముందు నీడలో పెసరకాయ ఒలుస్తోంది. తల ఎత్తకుండానే అంది, "దొంగసొమ్ము జాడ తీయనీకి వచ్చినవా మేడం?"

గీతాంజలి ఎదురుగా కింద కూర్చుంది. తనూ కాయలు తీసుకుని ఒలవడం మొదలుపెట్టింది. నీళ్లు నిలబెట్టిన సంగతి, మొక్కలన్నీ పోయిన సంగతి చెప్పింది. శశిధర్ ఏం చెప్పబోతున్నాడో కూడా దాచకుండా చెప్పింది.

చాందీ చేయి ఆగింది. "నేను కుళ్లబెట్టిన్నా?"

"అట్ల చెప్తరట."

"సంచిల దొరికింది గబట్టి దొంగ అన్నరు. సరే. దొరికింది. ఇదెట్ల అంటరు? నేను వాటికి చెంబుతోని గుడ లెక్క జూసి పోసిన." ఆమె ఒడిలోని పొట్టు దులిపి, కోట వైపు చూసింది. "అన్నీ పోయినయా?"

"నువ్వు పారేయనియి తప్ప. ఎవరెవరికి ఇచ్చినవక్కా?"

"పేటల కన్యకమ్మకు. కోదాడ బస్టాండు కాడ టిఫిన్ల అరుంధతమ్మకు. మిర్యాలగూడెంల కైలాసం సేటు మిల్లుకు. సెలవు నాడు కైకిలి కూలికి పోయిన కాడల్ల ఇచ్చిన." పొట్టు చేత్తో పక్కకు నెట్టింది. "బతికుంటయని ఇయ్యలే బిడ్డా. అబద్ధమెందుకు? అడిగిన్రని ఇచ్చిన. పారెయ్య పాణమొప్పలే."

గీతాంజలి ఆమె గుమ్మం వైపు చూసింది. అక్కడ ఏమీ లేదు. "నువ్వు కట్టుకోలేదా?"

"మా మీద ఎవరి కన్ను పడతది?"

లోపలి నుంచి ఎవరో పిల్లవాణ్ని కేకేశారు. చాందీ లేచి మోకాళ్లు రుద్దుకుంది.

"పొద్దుగాల రా. కట్టిన చెయ్యి నాది, నేనే దింపుత. గని ఒక మాట. తెచ్చినంక గేటు కాడ నా సంచి నేనే మోస్త. నువ్వు పట్టద్దు."

*

అమావాస్య పొద్దున్నే చాందీ తండా కంచె నుంచి మామూలు కలబందలు పెకిలించి, కడిగి, నల్లదారంతో సహా సిద్ధంగా తెచ్చింది. పాతది దింపిన చోట కొత్తది కట్టకపోతే ఎవరూ ఒప్పుకోరు.

కన్యకమ్మ దుకాణం ముందు అప్పటికే కొబ్బరికాయ కొట్టి ఉంది. చాందీ స్టూలెక్కి ముడి విప్పింది. కొత్తది కడుతుండగా కన్యకమ్మకు అనుమానం వచ్చింది.

"ఇన్నొద్దులు వీధిల అందరి కండ్లు పడ్డయి దాని మీద. మళ్ల భూమిల పెడితే మంచిగైతదా?"

"కోట మీద ఫిరంగి గుండ్లే పడ్డయమ్మా," అంది చాందీ స్టూలు మీంచి. "మీ పప్పుల దుకాణం మీద పడ్డ కండ్లెంత?"

హమాలీలు పక్కున నవ్వారు. కన్యకమ్మ నవ్వు ఆపుకుంటూ, "నీ నోటికి కట్టాలె ఒకటి," అని గిన్నెలోంచి పసుపు తీసి ఆ కలబంద వేళ్లకు మళ్లీ కొంచెం రాసి ఇచ్చింది.

కోదాడ బస్సులో ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్లు చేతిలో పట్టుకుని ఇద్దరూ కూర్చున్నారు. కలబంద గుడ్డలో చుట్టి చాందీ ఒడిలో ఉంది. దారి పొడవునా ఆమె దాన్ని కిటికీ ఎండకు అడ్డంగా చేయి పెట్టి కాపాడింది.

టిఫిన్ల అరుంధతమ్మ దోసె తిప్పుతూనే పలకరించింది. "వచ్చావా చాందీ? మా ఆయన పొద్దున్నే దింపేస్తానంటే, కట్టిన మనిషి రావాలని ఆపాను. చూడు, ఎంత బలిసిందో." ఇడ్లీ పాత్ర ఆవిరి తగిలి కాబోలు, ఆ కలబంద మొదట్లో చిటికెనవేలంత కొత్త పిలక కూడా వచ్చింది. "మళ్ళీ భూమిలో పెడితే బతుకుద్దా ఇది?"

"ఇట్లనే బతికింది. భూమిల ఎందుకు బతకదు?" అంది చాందీ.

అరుంధతమ్మ ఇద్దరికీ దోసెలు పెట్టింది. చాందీ తినబోతూ గీతాంజలి వైపు చూసి, "ఈ దోసెకు గుడ పిలక అమ్ముకున్నట్టు రాస్కుంటడా మీ శశిధర్ సారు?" అంది. గీతాంజలికి పొలమారింది.

మిర్యాలగూడ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మిల్లు దర్వాజ మీద అప్పుడే కట్టిన కొత్త గుమ్మడికాయ వేలాడుతోంది. కైలాసం సేటు చేతులు జోడించినంత మర్యాదగా చెప్పాడు. "పొద్దున్నే దింపిచ్చి కాలువల ఏపిచ్చిన చాందమ్మా. నువ్వొస్తవని నాకేం తెలుసు?"

ఇద్దరూ కాలువ గట్టు దాకా పోయారు. నీళ్లు నిండుగా, ఆగకుండా పోతున్నాయి. గీతాంజలి గట్టు వెంట కొంత దూరం నడిచి, తట్టుకున్న చెత్తలో వెతికింది. చాందీ ఆమెను వెనక్కి పిలిచింది.

"పోనీ బిడ్డా. ఏ పొలంల తేలితే గా పొలం దిష్టి పోతది. సంచిల రెండున్నయి."

పొద్దుగుంకే వేళ పేటలో దిగారు. తండాకు పోయే మంగ్త్యా ఆటో స్టాండులో ఉంది. చాందీ ముందు, మంగ్త్యా పక్కన ఎక్కింది. ఎక్కి, అద్దం వైపు చూసి, ఆటో కదిలించొద్దంది. నిమ్మకాయా మిరపకాయల దండ పక్కన, అరచేతిలో పట్టేంత కలబంద ఊగుతోంది.

"ఇది నేనిచ్చిందే గదరా?"

"ఇంకెవరిచ్చిన్రు? దీనికే గద నీకు కిరాయి మాఫ్ చేసిన," అన్నాడు మంగ్త్యా.

"దింపు. ఇయ్యాల కిరాయి ఇస్తలే."

*

మరునాడు భాస్కర్ సార్ జీపు కోట గేటు దగ్గర ముందే నిలబడి ఉంది. శశిధర్ ఆయన పక్కన నిలబడి ఏదో చెబుతున్నాడు. "ఊడ్చేటామె సార్... ఇష్టమొచ్చినట్టు నీళ్లు పోసింది. దొంగతనం గుడ దొరికితే తీసేసినం," అన్న మాటలు గేటు దాకా వినిపించాయి.

చాందీ అదే సంచి భుజానికి వేసుకుని లోపలికి వచ్చింది. శశిధర్ మాట ఆపాడు.

"నువ్వెందుకొచ్చినవ్?"

ఆమె సంచిని బల్ల మీద పెట్టి మూతి విప్పింది. "పోయేటప్పుడు సూసినవ్ గద సార్. వచ్చేటప్పుడు గుడ సూడు."

చూసింది భాస్కర్ సార్. గుడ్డ మడతలు తెరిచి ఒకదాన్ని చేతిలోకి తీసుకున్నాడు. పసుపు అంటిన వేళ్లు చూశాడు. గోరుతో గీకాడు. లోపల తెల్లగా ఉంది.

"ఇవెక్కడివి?"

గీతాంజలి రాత్రంతా ఏం చెప్పాలో వరుసగా అనుకుంది. నోరు తెరిచేసరికి వరుస పోయింది. "నేను పారేయమన్నవి సార్. ఈమె పారేయలేదు. దర్వాజలకు కట్టుకోవడానికి ఇచ్చింది. మడిలో నీళ్లు నిలబెట్టింది ఈమె పోయిన తర్వాత. కుండీలు నేను గట్టిగా అడగాల్సింది సార్."

"నీళ్లు నిలబెట్టింది ఎవరు?"

మడిలో కొత్త ఇసుక పోస్తున్న నగేష్ పార పక్కన పెట్టి వచ్చాడు. "నేను సార్. వరి లెక్క అనుకున్న."

"ఇతన్ని తీసెయ్యకుండ్రి సార్," అంది చాందీ. "నీళ్లు పెట్టుడు వచ్చినోనికి, పెట్టకుండుడు నేర్పచ్చు. నేను నేర్పుత."

ఆ మాటతో తను పనిలోకి వచ్చేసినట్టు ఆమె చెప్పేసింది. ఎవరూ రమ్మని పిలవకముందే.

భాస్కర్ సార్ శశిధర్ వైపు చూశాడు. చూస్తూనే ఉన్నాడు. శశిధర్ గేటు గదిలోకి పోయాడు. సొరుగు లాగిన చప్పుడైంది. తిరిగి వచ్చి చాందీ ముందు చేతి తొడుగులు పెట్టాడు, ఒకదాని మీద ఒకటి, ఆమె సర్దినట్టే. వాటి పైన కార్డు. క్షమించమని అతను అనలేదు. "ఎండెక్కకముందే నాటుండ్రి, చాందమ్మా," అన్నాడు. ఆమె పేరు చివర 'అమ్మ' పెట్టడం ఆ గేటు దగ్గర అదే మొదటిసారి.

చాందీ తొడుగులు వేసుకుంది. నగేష్ ఇసుకలో గుంట తీశాడు. ఆమె అతని చేయి ఆపి, లోతు తగ్గించి, కలబందను తలకిందుల నుంచి తిప్పి నిలబెట్టింది. ఆకులు ఇంకా వేలాడినప్పటి వంపుతోనే ఉన్నాయి. నేలలో నిలబెడితే వింతగా మెలికపడి కనబడ్డాయి. నగేష్ అలవాటుగా చెంబు అందుకున్నాడు.

"ఊహూఁ," అంది చాందీ. చెంబు ఆగింది.

ఇప్పుడు ఆ మడిలో కలబందలు మళ్లీ పిలకలు పెడుతున్నాయి. కుండీలు వచ్చాయి. అడిగినవాళ్లకు గేటు దగ్గర ఒక్కొక్కటి ఇస్తున్నారు. మొక్క పేరున్న పలక మీద, పేరు కింద, గీతాంజలి తన చేత్తో తెల్ల రంగుతో ఒక వరుస రాసింది: దీన్ని బతికించింది చాందీ. ఎండకు ఆ రంగు ఎన్నాళ్లుంటుందో తెలియదు.

అందుకే మీకు ఈ మాట. ఏ ఊళ్లోనైనా, ఏ దర్వాజ మీదైనా, వేళ్లు పైకి పెట్టి కట్టిన కలబంద కనబడితే దాని ఆకు కొన ఎటు తిరిగిందో ఒక్క క్షణం చూడండి. చూసినప్పుడు, మల్లెగట్టు కోట కింది తండాలో ఉండే చాందీని తలుచుకోండి.